బాలింత గదిలో డిటెక్టర్

ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, వేశానో లేదో అని వెనక్కి వచ్చే రకం మనిషిని నేను. గ్యాసు సిలిండరు కట్టేశానని నా భార్య చెప్పినా నమ్మకుండా నేనే వెళ్లి మళ్లీ తిప్పి చూస్తాను. కాకినాడలో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటు టెక్నీషియన్‌గా చేరాక ఈ గుణం జబ్బులా ముదిరింది. అక్కడ నా పనే అనుమానించడం. మీటరు చూపిస్తున్న అంకె నిజమేనా? బజర్ మోగడం లేదంటే గ్యాసు లేకనా, బజర్ పాడయ్యా? రోజంతా ఇదే గోల.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నా భార్య మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్లింది. అమలాపురానికి ఐదారు మైళ్ల దూరంలో కాలవ గట్టు పక్కన ఊరు. మామగారు ఆ ఊరి బళ్లో మేష్టారు. పొద్దున్న వెళితే సాయంత్రానికి గానీ ఇంటికి రారు. ఇంటి పెత్తనమంతా మా అత్తగారిదే. ఆవిడకి ఊళ్లో ఒక పేరుంది. ఎవరింట్లో బిడ్డ పుట్టినా మొదటి స్నానానికి ఆవిడనే పిలుస్తారు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పసిగుడ్డుని కాళ్ల మీద బోర్లా వేసుకుని, నలుగు పెట్టి నీళ్లు పోస్తుంటే ఏడ్చే పిల్లలు కూడా ఆవిడ చేతుల్లో నిద్రపోతారట. అలా ఆ ఊళ్లో సగం మందికి ఆవిడే నీళ్లు పోశారు.

ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా ఇంటికి వచ్చిన రెండు రోజులకు నేను వెళ్లాను. బాలింత గది తలుపు తీయగానే మొహానికి సెగ కొట్టింది. నా భార్య చెవుల్లో దూది, తలకి గుడ్డ. నులక మంచం కింద కుంపటి. అందులో కొబ్బరిచిప్పల బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. పాప పక్కనే పొత్తిళ్లలో ఉంది. అంత ముద్దుగా ఉన్న నా కూతుర్ని వదిలేసి నేను మంచం కిందకి వంగి కుంపటి చూశాను.

మా ఫ్యాక్టరీలో చేరిన ప్రతివాడికీ మొదటి వారంలోనే చెబుతారు. బొగ్గు సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాసు వస్తుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. తలనొప్పిగా ఉందని పడుకున్న మనిషి మరి లేవడు. ఆ పాఠం విన్నప్పటి నుంచి కుంపటి కనిపిస్తే నాకు పాము కనిపించినట్టే.

"అత్తయ్యగారూ, మూసిన గదిలో కుంపటి ప్రమాదమండీ," అన్నాను.

ఆవిడ నవ్వారు. "మీ కంగారు మా అమ్మాయి ముందే చెప్పిందిలెండి. నేనేమైనా పొగలొచ్చే బొగ్గులు పెడతానా అల్లుడుగారూ? పెరట్లో రాజేసి, పొగంతా పోయి, పైన తెల్లగా బూడిద పట్టాకే లోపలికి తెస్తానండి. ఆ కిటికీ రెక్క చూడండి, జానెడు తెరిచే ఉంచుతాను. అరగంటకోసారి వచ్చి అమ్మాయి మొహం చూసి వెళతాను. మొహం చూస్తే తెలీదేంటండీ?"

కిటికీ రెక్క నిజంగానే జానెడు తెరిచి ఉంది. ఆవిడ చెప్పింది అక్షరాలా మా ఫ్యాక్టరీలో పుస్తకాల్లో రాసి గోడకి అంటించే పద్ధతే. అది ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. కాకినాడ తిరిగి వెళ్లానన్న మాటే గానీ వారమంతా కాలుకాలిన పిల్లిలా తిరిగాను. అన్నం ముందు కూర్చుంటే కుంపటి. ప్యానెల్ ముందు నిలబడితే కుంపటి.

మా స్టోర్స్‌లో ఒక డబ్బా చాలా రోజులుగా పడి ఉంది. మద్రాసు నుంచి వచ్చిన డీలరు ఒకాయన శాంపిలు కింద ఇచ్చి వెళ్లాడు. విదేశాల్లో ఇళ్లల్లో పెట్టుకునే వైర్‌లెస్ కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ అది. సబ్బుపెట్టె అంత తెల్లటి పెట్టె ఒకటి గదిలో ఉంటుంది. దానికి జోడీగా ఇంకో చిన్న రిసీవర్. పెట్టెకి గ్యాసు తగిలితే ఆ రిసీవర్ ఎక్కడున్నా అరుస్తుంది. మధ్యలో తీగ ఉండదు. మా ఆఫీసరుని అడిగితే, "తీసుకెళ్లవయ్యా, పనిచేస్తుందో లేదో చూసి చెప్పు," అన్నాడు. ఆ వారాంతపు సెలవుకి దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

గోడకి మేకు కొడదామని సుత్తి తీశాను. అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడ్డారు. "పసిపిల్ల ఉన్న గదిలో సుత్తి దెబ్బలేంటండీ! అదిగో, వెనకటి లాంతరు మేకు. దానికి తగిలించండి." ఆ మేకు కిటికీకి దూరంగా, కుంపటికి నాలుగడుగుల ఎడంగా, మంచం మీద పడుకున్న మనిషి తల కంటే కొంచెం ఎత్తులో ఉంది. కొలత పెట్టి కొట్టినా అంత సరైన చోటు దొరకదు. అది కూడా నేను పైకి ఒప్పుకోలేదు.

రిసీవర్ వంటింట్లో పెట్టాలని నిర్ణయించాను, అత్తగారు పగలంతా ఉండేది అక్కడే కాబట్టి. కానీ ఆ ఇంటి గోడలు మూరెడు మందం. నేను గదిలో పెట్టెకున్న పరీక్ష మీట నొక్కి, "మోగిందా అండీ?" అని అరిస్తే, వంటింట్లోంచి ఆవిడ, "లేదండోయ్!" అని అరుస్తారు. ఉప్పు జాడీ పక్కన పెట్టి చూశాం. మోగలేదు. పొయ్యిగట్టు మీద, అక్కడా మోగలేదు. చివరికి వంటింటి గుమ్మానికి తగిలిస్తే కుయ్యిమంది. మేం ఇలా కేకలేసుకుంటుంటే పాప లేచి ఏడ్చింది. నా భార్య మా ఇద్దర్నీ కలిపి తిట్టింది.

తర్వాత అసలు పరీక్ష. పెరట్లో అప్పుడే రాజేసిన కుంపటి పక్కన పెట్టె పట్టుకుని కూర్చున్నాను. రెండు మూడు నిమిషాల్లో రిసీవర్ అరిచిన అరుపుకి గోడ మీది కాకులు లేచిపోయాయి. అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుని బయటికి వచ్చారు.

"కనపడని గాలిని పట్టేసిందా ఇది?"

"పట్టేసిందండి," అన్నాను. గర్వం ఎక్కడికి పోతుంది? "ఇది ఉండగా ఇంక మీకే బెంగా అక్కర్లేదు అత్తయ్యగారూ. హాయిగా మీ పని మీరు చేసుకోండి."

ఆ మాట ఎందుకన్నానా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

పెట్టె సంరక్షణ ఎలాగో కాగితం మీద రాసి ఇచ్చాను. రోజూ పొద్దున్న మీట నొక్కాలి. వారానికోసారి పొడిగుడ్డతో తుడవాలి. ఎర్రలైటు మిణుకుమిణుకుమంటే బ్యాటరీ మార్చాలి. సాంబ్రాణి పొగ దానికి దగ్గరగా వేయకూడదు. ఆవిడ ఒక్కటీ తప్పలేదు. నేనే తప్పనివ్వలేదు. రోజూ పదిగంటలకి ఫ్యాక్టరీ నుంచి ఫోను చేసేవాణ్ని. "నొక్కారా అండీ?" "ఆయ్, నొక్కానండి. కూసింది." "తుడిచారా?" "తుడిచానండి బాబూ. పాప గురించి కూడా ఒక మాట అడగండి."

పురుడు వెళ్లింది, బారసాల అయింది, దసరా వచ్చింది. మా ఫ్యాక్టరీలో ఆయుధపూజ రోజున స్క్రూడ్రైవరు దగ్గర నుంచి పెద్ద ప్యానెళ్ల దాకా అన్నింటికీ గంధం, కుంకుమ పెడతాం. ఎంత చదివిన ఇంజనీరైనా ఆ రోజు మీటరుకి దణ్ణం పెట్టాల్సిందే. ఆ ఏడు సెలవు పెట్టి అత్తవారింట్లో ఉన్నాను. అత్తగారు కత్తిపీట, కుట్టుమిషను, మామగారి సైకిలు వరసగా పెట్టి బొట్లు పెడుతున్నారు. నేను డిటెక్టర్ని మేకు మీంచి దించి తెచ్చాను. తుడిచాను. మూడు వేళ్లతో చిక్కగా గంధం తీసి, పెట్టె మధ్యలో రూపాయి బిళ్లంత మేర సన్నటి చిల్లులున్న చోట, అదే దాని మొహం అన్నట్టు, బాగా అద్దాను. గంధం మీద కుంకుమ పెట్టాను. మీట నొక్కాను. వంటింట్లో రిసీవర్ కూసింది. కళ్లకద్దుకుని మళ్లీ మేకుకి తగిలించాను.

గాలి లోపలికి వెళ్లేది ఆ చిల్లుల్లోంచే. గ్యాసుని పసిగట్టే ముక్కు ఆ చిల్లుల వెనకే ఉంటుంది. మీట నొక్కితే తెలిసేది బ్యాటరీ ఉందని, బజర్ బాగుందని, వైర్‌లెస్ అందుతోందని మాత్రమే. ముక్కు పనిచేస్తోందో లేదో తెలియాలంటే నిజమైన గ్యాసు చూపించాలి. ఇదంతా నాకు తెలియదా? ఎనిమిదేళ్లుగా నాకు జీతం ఇస్తున్నదే దానికి. ఫ్యాక్టరీలో సిలిండరు తెచ్చి గ్యాసు పట్టి చూడనిదే ఒక్క డిటెక్టర్‌కి కూడా సంతకం పెట్టేవాణ్ని కాదు. ఇక్కడ నా కూతురు నిద్రపోయే గదిలో దాని ముక్కు నా చేత్తో మూసేసి, దణ్ణం పెట్టి వచ్చాను. నెల రోజుల్లో మొదటిసారి ఆ రోజే నాకు కడుపునిండా అన్నం సయించింది.

తర్వాత వారానికి అల్పపీడనం పట్టింది. మూడు రోజులు వదలని వాన. రెండో రోజున అత్తవారి ఫోను మూగబోయింది. పదిగంటలకి నంబరు తిప్పుతాను, లైను కలవదు. పదకొండుకి తిప్పుతాను, కలవదు. మూడో రోజు పొద్దున్న డ్యూటీకని బయల్దేరినవాణ్ని బస్టాండుకి వెళ్లాను. ఎదుర్లంక వంతెన మీద బస్సు నత్తలా నడుస్తుంటే దిగి నడిచి వెళ్లిపోదామా అనిపించింది. అమలాపురంలో ఆటో ఎక్కి, ఊరి మొదట్లో బురదకి ఆటో ఆగిపోతే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది.

అత్తగారు వంటింట్లో పీట మీద కూర్చుని బాలింతకి పెట్టే కాయం ఉండలు చేస్తున్నారు. చేతులకి నెయ్యి. తల మీద గుమ్మానికి రిసీవర్ నిశ్శబ్దంగా ఉంది. దాన్ని చూడగానే నా ప్రాణం కుదుటపడింది.

"ఇంత వానలో వచ్చారేంటండీ! అమ్మాయి ఇప్పుడే పడుకుంది. తలనొప్పి అంటే మందు రాశాను," అన్నారు.

తలనొప్పి అన్న మాట చెవిన పడింది. అంతే, గదిలోకి పరిగెత్తాను. కిటికీ రెండు రెక్కలూ బిగించి ఉన్నాయి, జల్లు రాకుండా చీర కూడా కుక్కి ఉంది. నా భార్య మంచం పట్టె మీంచి తల వేలాడేసి వాంతి చేసుకుని అలాగే ఉండిపోయింది. పిలిస్తే కళ్లు తెరిచింది గానీ నన్ను గుర్తు పట్టలేదు. పాప కదలలేదు.

కుంపటి రెండు చేతులతో ఎత్తి వసారాలోంచి వానలోకి విసిరేశాను. అరచేతులు కాలాయని సాయంత్రానికి గానీ తెలియలేదు. పాపని ఎత్తుకుని వసారా చూరు కింద నిలబడ్డాను. అరికాళ్లు తట్టాను. ఏమీ లేదు. వాన నీళ్లు తీసి మొహం మీద చల్లాను. అత్తగారు కూతుర్ని చంకల కింద పట్టుకుని ఈడ్చుకొస్తూ, "ఏడుస్తోందా? అల్లుడుగారూ, ఏడుస్తోందా?" అని అడుగుతూనే ఉన్నారు. ఎంతసేపో చెప్పలేను. పాప నోరు తెరిచి, ముందు చప్పుడు లేకుండా, తర్వాత ఊరంతా వినపడేలా ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను.

పక్కింటివాళ్ల జీపులో అమలాపురం తీసుకెళ్లాం. ఆ సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున్న దాకా ఆక్సిజన్ పెట్టారు. ఇద్దరికీ ఏ లోటూ లేదని డాక్టరుగారు చెప్పి, "మూసిన గదిలో కుంపటి ఎవరు పెట్టారమ్మా?" అని అడిగారు. అత్తగారు, "నేనేనండి," అన్నారు. తర్వాత నాకేసి తిరిగి, మెల్లగా, "జల్లు కొడుతోందని కిటికీ మూశానండి. మిషను ఉంది కదా అని," అన్నారు.

ఇంటికి రాగానే డిటెక్టర్ దించి చూశాను. గంధం ఎండి, గట్టిపడి, చిల్లుల మీద పెచ్చులా అంటుకుని ఉంది. దసరా నాడు నేను పెట్టింది పెట్టినట్టే. అత్తగారు పొడిగుడ్డతో తుడిచేవారు గానీ దేవుడి బొట్టు కదా అని దాని జోలికి వెళ్లలేదు. గోటితో గీకాను. చిల్లులు ఒక్కొక్కటీ గుండుసూదితో పొడిచి శుభ్రం చేశాను. పెరట్లో నాలుగు బొగ్గులు రాజేసి దాని పక్కన పెట్టాను. నిమిషాల్లో వంటింట్లో రిసీవర్ అరిచింది.

అత్తగారు పరిగెత్తుకొచ్చారు. నా చేతిలో పెట్టెని, బొగ్గుల్ని చూశారు. ఆవిడ మొహంలో రంగు పోయింది.

"బాగానే ఉందన్నమాట," అన్నారు. "అయితే నిన్న కూడా మోగే ఉంటుంది. కాయం చేస్తూ కునుకు పట్టేసిందేమో నాకు. తల మీద మోగుతుంటే నిద్రపోయాను బాబూ."

చెప్పాలనే నోరు తెరిచాను. నా గోళ్లలో గంధం ఇంకా ఉంది. వసారాలోంచి మామగారు, మంచం మీంచి నా భార్య మాకేసి చూస్తున్నారు. ఎరువుల ఫ్యాక్టరీ టెక్నీషియన్ని, రోజూ ఫోను చేసి పాఠాలు చెప్పినవాణ్ని. నేనన్న మాట ఇది:

"పోనీలెండి అత్తయ్యగారూ. గండం గడిచింది కదా."

ఆవిడ తప్పుని నేను పెద్దమనసుతో మన్నించినట్టు! ఆవిడ నాకు చేతులు జోడించారు. దాన్ని కూడా చూస్తూ నిలబడ్డాను.

ఆ రోజు నుంచి ఆవిడ పాపకి నీళ్లు పోయలేదు. ఊళ్లో పిలిచినా వెళ్లలేదు. "నాకు మగతగా ఉంటోందమ్మా, పిల్లలు చేజారిపోతారు," అని చెప్పి పంపేసేవారు. మరుసటి ఏడు అత్తగారి చిన్నకూతురు, నా మరదలు, కాన్పుకి వస్తే అమలాపురం నుంచి మనిషిని మాట్లాడి పెట్టారు. ఆ మనిషి పసిబిడ్డని కాళ్ల మీద వేసుకుంటుంటే ఆవిడ అవతలి గుమ్మంలో నిలబడి చూడటం నేను చూశాను. నీళ్లు ఎక్కువ వేడిగా ఉన్నాయని చెయ్యి పెట్టకుండానే ఆవిడకి తెలుసు. నోరు విప్పి చెప్పలేదు. ఆ పూట నేను భోజనం మధ్యలో లేచిపోయాను. ఏమైందని నా భార్య అడిగితే కడుపులో బాగాలేదన్నాను. ప్రతి పండక్కీ వెళ్లడం, ఈసారి చెప్పేయాలనుకోవడం, చెప్పకుండా బస్సెక్కడం. తాళం వేశానో లేదో అని వెనక్కి వచ్చే మనిషికి ఇది మాత్రం రెండేళ్లు వాయిదా వేయడం చేతనైంది.

ఒక రోజు అత్తగారు మామగారితో చెప్పకుండా కాకినాడ వచ్చారు. చెవుల డాక్టరుకి చూపించమని నన్ను అడిగారు. వినపడటం లేదా అంటే, ఏమోనండి, చూపించండి అన్నారు. తీసుకెళ్లాను. గాజుగదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినపడ్డప్పుడల్లా వేలెత్తమన్నారు. అద్దంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఆవిడ వేలు లేస్తూనే ఉంది. డాక్టరు శబ్దం తగ్గించినకొద్దీ ఆవిడ వేలు ఇంకా తొందరగా లేచింది. లేవకుండా ఉంటే బాగుండునని ఆవిడ మొహం చూస్తే నాకే అనిపించింది.

"మీ అత్తగారి చెవులు చిన్నపిల్లల చెవుల్లా ఉన్నాయండీ," అన్నాడు డాక్టరు, మంచిమాట చెప్పాననుకుని.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"చెవుడుందేమో అనుకున్నానండి," అన్నారు. "చెవుడైతే నా తప్పు కాదు కదా. రెండేళ్ల నుంచి అదే ఆశ. ఇప్పుడింక నిద్రపోయానన్నమాట ఖాయం."

అప్పుడు చెప్పాను. గంధం, చిల్లులు, మీట, గోళ్లు, అన్నీ. జనం మధ్యలో నిలబడి, గొంతు తగ్గించకుండా చెప్పాను. తగ్గిస్తే మళ్లీ ఆగిపోతానని భయం.

తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది.

"అయితే నేను మెలకువగానే ఉన్నానా?"

"ఉన్నారండి. నేను వచ్చేసరికి మీ చేతులకి నెయ్యి ఉంది. కాయం ఉండలు చేస్తున్నారు."

ఆవిడ కొంగు తీసేసి, రెండు అరచేతులూ ఒళ్లో తిరగేసుకుని చూసుకున్నారు.

"మా చిన్నదాని బిడ్డ నడిచేస్తోంది అల్లుడుగారూ," అన్నారు. "ఇంక కాళ్ల మీద పట్టదు."